అసత్సుయు మీద ఊరగాయ రాయి

జపాను తీరాన మా మైజురు నౌకా కర్మాగారంలో ఇసోబె తొకుజిరోను ఎదురుగా ఉన్నప్పుడు అందరూ "ఇసోబె గారూ" అనేవారు. ఆయన అటు తిరగగానే "తక్కెడ గారు" అనేవారు. కొత్త ఓడ మీదికి ఎక్కే ప్రతి వస్తువునూ తూచి, దాని బరువెంతో, ఓడ అడుగు నుంచి అది ఎంత ఎత్తున కూర్చుంటుందో పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. మేకు నుంచి ఫిరంగి దాకా ఏదీ ఆయన కాటా తప్పించుకోలేదు. ఓసారి ఓడలో పెట్టే పూజామందిరాన్ని కూడా తూచబోతే పూజారి గారు గుడ్లురిమి చూశారట. "దేవుణ్ని కాదండి, చెక్కను తూస్తున్నాను" అన్నాడట తొకుజిరో. మందిరం నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. దేవుడి బరువు మాత్రం రాయలేదు. ఆపాటి మర్యాద ఆయనకూ ఉంది.

యుద్ధం పెద్దదయిన ఆ ఏడు శరదృతువులో ఆయన చేతి మీదుగా తయారైన డిస్ట్రాయర్ యుద్ధనౌక పేరు అసత్సుయు. అంటే పొద్దుటి మంచుబొట్టు. ఆ బొట్టు బరువు రెండు వేల నాలుగు వందల టన్నులు. పేర్లు పెట్టేవాళ్ల దగ్గర కవిత్వమే గాని కాటా ఉండదు కదా!

ఓడ పొడవు నూట పద్దెనిమిది మీటర్లు, వెడల్పు పదకొండుకు లోపు. పొడవాటి ముల్లంగిని నీళ్లలో వదిలినట్టు ఉంటుంది. దాని వీపు మీద ఆరు ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు, కెప్టెన్ నిలబడే వంతెన, రెండు పొగగొట్టాలు, ఒక స్తంభం. గంటకు అరవై అయిదు కిలోమీటర్లు పరుగెత్తాలని ఒళ్లు సన్నగా చేశారు. శత్రువును గట్టిగా కొట్టాలని నెత్తిన బరువు పెట్టారు. సన్నటి మనిషి నెత్తిన బరువు పెడితే ఏమవుతుందో, గంప ఎత్తుకుని చేపలమ్మే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. పెద్ద చదువులు చదివిన నౌకా ఇంజనీర్లకు మాత్రం అది తెలియడానికి ఒక ఓడ తిరగబడవలసి వచ్చింది.

అది ఏడేళ్ల నాటి మాట. గాలివానలో ఒక చిన్న యుద్ధనౌక బోర్లాపడింది. దాన్ని తలకిందులుగానే లాక్కొచ్చి రేవులో పెట్టినప్పుడు చూడడానికి పంపినవాళ్లలో తొకుజిరో ఒకడు. అడుగు రేకులు కోసి లోపలి నుంచి మనుషులను తీశారు. తర్వాత సామాన్లు తీశారు. నావికులు స్నానానికి వేసుకునే చెక్క చెప్పులు బయటికి వస్తూనే ఉన్నాయి, జతలు జతలుగా. ఆ చెప్పులను తూకం వేసి రాయమన్నారు. రాశాడు. ఆ రోజు నుంచి ఆయనకు బరువంటే భయం పట్టుకుంది. భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాడు.

అసత్సుయుకు వంటవాడిగా వచ్చిన నెగిషి షోహే స్వయానా ఆయన బావమరిది. భార్య కినుయెకు ఈ లోకంలో మిగిలిన పుట్టింటి మనిషి ఈ తమ్ముడొక్కడే. ముప్పై ఏళ్లు వచ్చినా పెళ్లి చేసుకోకుండా, నోటికి తాళం వేసుకోకుండా తిరిగేవాడు. ఓడ ఎక్కడానికి వారం ముందు అక్క ఇంటికి వచ్చి, తిన్నగా వంటింట్లోకి పోయి, ఊరగాయ పీపా మూతను అదిమి ఉంచే రాయిని చంకనెత్తుకున్నాడు.

"ఒరేయ్, అది అమ్మ రాయిరా!" అంది కినుయె.

"అందుకేగా అక్కా తీసుకెళ్తున్నది. రెండు వందల నలభై మందికి ముల్లంగి ఊరబెట్టాలంటే రాయికి అనుభవం ఉండాలి."

ఆ రాయిని వాళ్ల అమ్మ యురా నదిలో ఏరి తెచ్చుకుంది. భూకంపం వచ్చిన ఏడు చేతిలోంచి జారి ఒక అంచున పెచ్చు ఊడింది. దాని కింద ఊరిన ముల్లంగికి వేరే రుచి అని అక్కాతమ్ముళ్లిద్దరికీ మొండి నమ్మకం. తొకుజిరో దానిని అంతకుముందే ఓసారి ఊరికే ఉండలేక తూచి ఉన్నాడు. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు.

"వంటగది పై డెక్కు మీద ఉంటుంది. అక్కడ రాళ్లకు చోటు లేదు" అన్నాడు తొకుజిరో.

"బావా, నన్ను కూడా ఓసారి తూచండి. ఎక్కువైతే చెవులు కోసి ఇంట్లో పెట్టి వెళ్తాను."

"చెవులు కోస్తే తగ్గదు. నాలుక కోస్తే తగ్గుతుంది."

కినుయె నవ్వింది గాని, తమ్ముడు గడప దాటాక నవ్వు ఆపేసింది. "ఏమండీ, వాడు ఎక్కుతున్నది మీరు కట్టిన ఓడ. వాణ్నీ, అమ్మ రాయినీ రెంటినీ మళ్లీ నా ఇంట్లో దింపాలి. ఆ పూచీ మీదే" అంది. తొకుజిరో గడప కేసి చూశాడు. ఓడ సంగతి ఆయనకు చాలా తెలుసు. అందుకే పూచీ పడలేకపోయాడు.

ఓడను నౌకాదళానికి అప్పగించే ముందు ఒరుగు పరీక్ష ఉంటుంది. డెక్కు మీద ఇనుప దిమ్మెలను ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుతారు. ఓడ కాస్త ఒరుగుతుంది. లోపల పొడుగాటి తాడుకు గుండు కట్టి వేలాడదీస్తారు. ఆ గుండు ఎంత జరిగిందో చూసి ఓడకు నిలదొక్కుకునే బలం ఎంతుందో లెక్కగడతారు. ఆ వేళ ఓడ మీద ఉన్న మనుషులందరూ సుద్దతో గీసిన సున్నాల్లో కదలకుండా నిలబడాలి. ఓడకు సంబంధించనిది ఏదున్నా, దిమ్మెలూ వడ్రంగి పనిముట్లూ మనుషులూ అన్నీ, 'దిగవలసినవి' అనే పేజీలోకి ఎక్కుతాయి. ఒక్కొక్కటీ దిగినప్పుడు ఒక్కొక్క వరుస కొట్టేస్తారు. పేజీలో వరుసలన్నీ కొట్టేశాకే తొకుజిరో సంతకం చేసి పుస్తకం మూస్తాడు. అది ఆయన నియమం.

ఆ ఉదయం గాలి లేదు. రేవు నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. అయినా గుండు లెక్క ప్రకారం ఆగవలసిన చోట ఆగలేదు. వెంట్రుకవాసి ముందుకు పోయింది.

రెండోసారి చేయించాడు. మళ్లీ వెంట్రుకవాసి.

"ఈ ఓడ మీద ఎవరో ఎక్కడో పైన బరువు దాచారు" అన్నాడు తొకుజిరో.

కెప్టెన్ అమెమియ గారు పెద్దమనిషి, నిదానస్థుడు. "ఎవరైనా ఏమైనా దాచారా?" అని గట్టిగా అడిగాడు. సున్నాల్లో నిలబడ్డవాళ్లందరూ ఆకాశం కేసి చూశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

తొకుజిరో నిచ్చెనలెక్కాడు. వంతెన వెనక జెండాలు దాచే గది తలుపు తీశాడు. జెండాల వెనక పదిహేడు పీపాలు బుద్ధిగా వరుస కట్టి ఉన్నాయి. పీపా పీపాకూ ఒక మూత, మూత మూతకూ ఒక రాయి. అకితా వాళ్ల పొగబెట్టిన ముల్లంగి, షిన్షూ వాళ్ల ఆవాకు, కిషూ వాళ్ల పుల్లటి ఉమె కాయలు, కియోతో వాళ్ల పల్చటి టర్నిప్ బిళ్లలు. ఓడలో ఎన్ని ఊళ్ల వాళ్లున్నారో అన్ని ఊరగాయలు. ప్రతివాడికీ తన ఊరిదే ఊరగాయ, పక్క ఊరిది పశువుల మేత. పైన చల్లటి గాలి తగిలితే బాగా ఊరుతాయని ఆ చోటు చూపించిన మహానుభావుడు షోహే. చివరి పీపా మీద పెచ్చు ఊడిన అమ్మ రాయి కూర్చుని ఉంది.

మొత్తం టన్నున్నర తూగింది. కెప్టెన్ గారు కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. "ఇసోబె గారూ, ఇంత ఓడకు కాస్త ఊరగాయ ఒక లెక్కా?"

"అయ్యా, ఏడేళ్ల కింద తిరగబడిన ఓడ మీదికి కూడా ఎవరూ ఒక్కసారిగా బరువెక్కించలేదు. ప్రతివాడూ నాది ఒక్కటే కదా అన్నాడు."

కెప్టెన్ గారి నవ్వు ఆగిపోయింది. పీపాలన్నీ, రాళ్లతో సహా, అట్టడుగు సామాన్ల గదిలోకి దింపమని హుకుం వేశాడు.

"రాయి అడుగున ఉంటే మనకు చుట్టం, నెత్తిన ఉంటే పగవాడు" అన్నాడు తొకుజిరో, కాస్త గొప్పగానే.

"అయితే ముల్లంగి ముక్క కావాల్సినప్పుడల్లా నాలుగు నిచ్చెనలు దిగి ఎక్కాలా బావా? మీ ఓడ ఒరగదు గాని నేను ఒరుగుతాను!"

అన్నాడే గాని షోహే అందరికంటే ముందే ఒక గోనె మూట భుజానికెత్తుకున్నాడు. అందులో అమ్మ రాయి ఉందని అందరికీ వినపడేలా చెప్పి, ఈల వేసుకుంటూ నిచ్చెన దిగిపోయాడు. తొకుజిరో అతను దిగేదాకా కళ్లార్పకుండా చూశాడు. జేబులోంచి పెన్సిల్ తీసి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మూడోసారి గుండు చెప్పిన చోట ఆగింది. దిమ్మెలు దిగాయి, వడ్రంగులు దిగారు, వరుసలు కొట్టేశాడు. గుమాస్తా సంతకం కోసం చెయ్యి చాపితే, "ఇంకా దిగవలసినవి ఉన్నాయి" అని అసలు పుస్తకం సంచిలో పెట్టుకుని, నకలు ఇచ్చి పంపేశాడు.

అసత్సుయు వెళ్లిపోయింది. ఆ చలికాలంలోనే యుద్ధం మహాసముద్రమంతా పాకింది.

ఇంట్లో రాయి లేక కినుయె పీపా మీద ఏదో ఒకటి పెట్టాలి కదా. భర్తగారి అలమారలోంచి ఓడల తూకం మీద రాసిన లావుపాటి గ్రంథాలు రెండు తీసి పెట్టింది. "తూకం శాస్త్రమేగా, తూగకపోతుందా" అంది. తొకుజిరో రోజూ ఉప్పునీళ్లు పీల్చి ఉబ్బుతున్న ఆ గ్రంథాలకేసి చూస్తూ ముల్లంగి తినేవాడు. బాగుందనడానికి ధైర్యం చాలేది కాదు, బాగాలేదనడానికి అసలే చాలేది కాదు.

షోహే నుంచి ఎప్పుడో ఒక కార్డు వచ్చేది. ఎక్కడున్నదీ ఏం చేస్తున్నదీ రాయకూడదు. కాబట్టి ఒకే ముక్క రాసేవాడు: "బావా, రాయి అడుగునే ఉంది." ఆ ముక్క చూసి కినుయె ఆ పూట నిండుగా అన్నం తినేది. తొకుజిరో మాత్రం "అబద్ధాలకోరు" అని గొణిగి, కార్డును పుస్తకంలో దాచేవాడు.

రెండేళ్లకు ఓడ మరమ్మతుకు మైజురు వచ్చింది. సామాన్ల ఓడలకు కాపలాగా దక్షిణాన తిరిగి తిరిగి, దీవుల్లో చిక్కుకున్న సైనికులను మోసి మోసి ఒళ్లంతా సొట్టలు పడ్డాయి. ఆకాశంలోంచి వచ్చే దెబ్బ ఎక్కువైందని రాజధాని నుంచి ఒక అధికారి కొత్త కాగితం పట్టుకొచ్చాడు. డెక్కు మీద విమానాలను కొట్టే తుపాకులు మరో పద్నాలుగు బిగించాలి.

"బిగిస్తాం. బదులు ఏం దింపమంటారు?" అని అడిగాడు తొకుజిరో.

"దింపడమేంటయ్యా? యుద్ధంలో ఉన్నాం. తూకాలు వేసుకుంటూ కూర్చుంటామా?"

"యుద్ధం సంగతి సముద్రానికి తెలియదండి."

అధికారి మొహం ఎర్రబడింది. తొకుజిరో పుస్తకం వదలలేదు. మూడు రోజులు వాదించాడు. చివరికి వెనకవైపు జంట ఫిరంగులను బురుజుతో సహా దింపించాడు. అంతటితో ఆగలేదు. ఒక పడవ దింపాడు, అధికారుల గదిలో సోఫా దింపాడు, ఏళ్ల తరబడి పొర మీద పొర వేసిన రంగు గీకించాడు. గీకిన రంగు పెచ్చులే మూడు టన్నులు తూగాయి. చివరికి ఇంజను గది గోడకు తన చేత్తో రాసిన కాగితం అతికించాడు: 'ఇంధన నూనె మూడో వంతుకు దిగితే సిగ్గుపడకుండా ఖాళీ తొట్లలో ఉప్పునీళ్లు నింపండి.' నిండు కుండ తొణకదని చెప్పడానికి ఇంత కాగితం దేనికని నావికులు నవ్వారు. ఉప్పునీళ్లు నింపితే తర్వాత ఆ తొట్లు కడిగేది వాళ్లే మరి.

"మా గుండ్లు ముందే గొరిగి ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే మా జుట్టు కూడా దింపేవాళ్లు" అన్నాడు షోహే. ఒక్క పూట ఇంటికొచ్చి అక్క పెట్టింది తిని, పీపా మీది గ్రంథాలు చూసి పడీపడీ నవ్వి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కార్డులు పలచబడ్డాయి. మరుసటి ఏడు చలికాలం నుంచి అసలే రాలేదు. అసత్సుయుతో పాటు కట్టిన ఓడలు ఒక్కొక్కటే మునిగిన కబురు ఓడల నక్షాలు గీసే గదిలోకి గుసగుసగా వచ్చేది. ఆ ఓడల తాలూకు పుస్తకాలను గుమాస్తాలు తాడు కట్టి అటక మీద పెట్టేవారు. అసత్సుయు పుస్తకం అడిగితే తొకుజిరో ఇచ్చేవాడు కాదు. "ఇంకా మూయలేదు" అనేవాడు. ఆయన్ను తక్కెడ గారు అని వెక్కిరించడం అప్పటికి అందరూ మానేశారు. కినుయె కూడా తమ్ముడి మాట ఎత్తడం మానేసింది. తొకుజిరోకు అది తిట్టుకంటే ఎక్కువగా గుచ్చుకునేది.

యుద్ధం ఓడిపోయి ముగిసింది. మరో ఏడు నెలలకు, మార్చి నెలలో, బయటి దేశాల్లో మిగిలిపోయిన మనవాళ్లను తెస్తున్న ఓడల పట్టికలో అసత్సుయు పేరు కనిపించింది.

ఆ రోజు మంచూ వానా కలిసి పడుతున్నాయి. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదనే ఊరు మాది. తొకుజిరో గొడుగు మరిచి పరుగెత్తాడు, కినుయె గొడుగుతో వెనక పరుగెత్తింది. ఓడ రేవు దగ్గరికి వచ్చింది. ఫిరంగులు లేవు, టార్పెడో గొట్టాలు లేవు. వాటి స్థానంలో చెక్క పాకలు, పాకల నిండా జనం. రేవులో అందరూ మనుషుల మొహాలు వెతుక్కుంటుంటే తొకుజిరో ఓడ ఒంటిని నీళ్లు తాకే గీత వెతుక్కున్నాడు. ఓడ మెల్లగా ఒరిగి, మెల్లగా లేచి నిలబడింది. అప్పుడు గాని ఆయనకు ఊపిరి ఆడలేదు.

జనం దిగారు. చివర్న, గోనె మూట ఒకటి రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, ఆగి ఆగి అడుగులు వేస్తూ ఒక ఎముకల పోగు దిగింది. నోరు తెరిచాకే అది షోహే అని తెలిసింది.

"అక్కా, పట్టుకో. మీ ఆయన చూస్తే మళ్లీ నాలుగు నిచ్చెనలు దింపుతాడు."

కినుయె మూటతో సహా తమ్ముణ్ని పట్టుకుని ఏడ్చింది. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదంటారు, అబద్ధం. రేవంతా వినిపించింది.

షోహే గాలివాన సంగతి చెప్పాడు. నూనె అడుగంటింది, అలలు ఇళ్లంత ఎత్తు లేచాయి. కెప్టెన్ గారు ఇంజను గది గోడ మీది కాగితం చదివి ఉప్పునీళ్లు నింపించాడు. అయినా ఓడ పక్కకు పడుకుంది. అన్నం గుండిగ గోడ మీద నిలబడింది. "అంతే, అయిపోయింది అనుకున్నాను బావా. పడుకుని కాసేపు ఆలోచించుకుంది. ఆలోచించుకుని లేచింది."

"మరి ఆ పీపాల వాళ్లు?" అని అడిగాడు తొకుజిరో.

షోహే వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదిహేడు పీపాల్లో ఆరింటివాళ్లు దిగారు. మిగతావాళ్లను విమానాలు కొట్టాయి. ఓడ ఎవరినీ ముంచలేదు. అది మీకు చెప్పమని కెప్టెన్ గారు ప్రాణం పోయే ముందు మరీ మరీ చెప్పారు."

తొకుజిరో తల వంచుకున్నాడు. అమెమియ గారు ఊరగాయలు చూసి నవ్విన నవ్వు ఆయనకు గుర్తొచ్చింది.

కర్మాగారం గేటు పక్కన పెద్ద కాటా ఇంకా ఉంది. తూచడానికి ఏమీ లేక తుప్పు పడుతోంది. తొకుజిరో ముందుగా రాయిని దాని మీద పెట్టాడు. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు.

షోహే మెడ గోక్కున్నాడు. "బావా, ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ రాయి ఒక్కరోజు కూడా అడుగున లేదు. యుద్ధమంతా పై డెక్కు మీద వంటగదిలో, పొయ్యి పక్కన బియ్యం బస్తా వెనకే ఉంది. ఆ రోజు మూటలో మోసింది రెండు క్యాబేజీలు."

తొకుజిరో సంచిలోంచి పుస్తకం తీశాడు. అంచులు నలిగి, మధ్యలో కార్డులు ఉబ్బి ఉన్నాయి. 'దిగవలసినవి' పేజీ తెరిచి చూపించాడు. అన్ని వరుసలూ కొట్టేసి ఉన్నాయి, అడుగున రెండు తప్ప.

'ఊరగాయ రాయి ఒకటి. పై డెక్కు, వంటగది. 11.4 కిలోలు.'

'వంటవాడు ఒకడు. అక్కడే. 58 కిలోలు.'

"పదకొండు కిలోలు మోసేవాడు ఈల వేస్తూ నిచ్చెన దిగడురా" అన్నాడు తొకుజిరో. "దాన్ని కూడా కలిపే లెక్క కట్టాను. పడవ దింపింది ఎవరి కోసం అనుకున్నావు?"

షోహే పుస్తకం మీదికి వంగాడు. కినుయె గొడుగు వదిలేసి ఆ రెండు వరుసలనూ వేలితో తడిమి చూసింది.

తొకుజిరో పెన్సిల్ తీసి రాయి వరుస కొట్టేశాడు. పెన్సిల్ మళ్లీ జేబులో పెట్టుకోబోయాడు.

"మరి నాదో?" అన్నాడు షోహే.

"కాటా ఎక్కు."

ఎక్కాడు. ముల్లు వణికి వణికి నలభై ఆరు దగ్గర నిలబడింది.

"యాభై ఎనిమిది ఎక్కింది. నలభై ఆరు దిగింది. మిగతా పన్నెండు కిలోలూ వచ్చేదాకా కొట్టడానికి లేదు. ఇంటికి పద" అన్నాడు తొకుజిరో. గొంతు కరుకుగానే పెట్టాడు గాని, పుస్తకం సంచిలో పెట్టడానికి ఆయనకు రెండు మూడు సార్లు చెయ్యి తప్పింది.

బియ్యం దొరకని రోజులు. చిలగడదుంప గంజి, ముల్లంగి ఆకులు, అమ్మ రాయి కింద ఊరినదేదో ఒకటి. షోహే రెండు పూటలా బావ ఇంట్లోనే తిన్నాడు, తిన్న ప్రతిసారీ వంకలు పెట్టాడు. ఆ వరుస కొట్టేసి తొకుజిరో సంతకం పెట్టేసరికి మరో పద్నాలుగు నెలలు పట్టింది.